ముక్కున్న కుక్క

మా అత్తయ్యకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా అంటుంది. ఆవిడ పెంచుకున్న కుక్కకి ఆ సౌకర్యం కూడా లేదు, ఎందుకంటే దానికి ముక్కే లేదు. రెండు కళ్ళ మధ్య బొటనవేలితో నొక్కినట్టు ఒక సొట్ట, ఆ సొట్టలో ఆవగింజంత బెజ్జాలు రెండు, మిగిలిన మొహమంతా మడతలు. పేరు దిండు.

మాది కుట్టుపని. కింద షాపు, పైన ఇల్లు, రెంటికీ మధ్య ఒక మలుపు తిరిగే ఇరుకు మెట్లు. అత్తయ్య కత్తిరిస్తుంది, నేను కుడతాను, మా ఆయన కాజాలూ గుండీలూ ఇస్త్రీ చూసుకుంటూ మధ్యమధ్యలో అద్దం కూడా చూసుకుంటాడు. కత్తెర అత్తయ్య చేతిలో ఉంది కాబట్టి ఇంట్లో మాట కూడా ఆవిడదే.

మా ఇల్లు నడిచింది అరుపుల మీద. పొద్దున కత్తిరించాల్సినవి కత్తిరించేసి అత్తయ్య పైకెళ్ళి వంట చూసేది. అవగానే మెట్ల పైన నిలబడి ఒక్క కేక. ఆ కేక విని ఎదురుగా గుండీల కొట్టాయన కూడా క్యారియర్ విప్పుకునేవాడు. టీ పెడితే ఇంకో కేక. ఏమీ లేకపోయినా ఒక కేక, కింద ఎవరైనా ఖాళీగా కూర్చున్నారేమోనని. పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు చెవులు గింగిర్లెత్తేవి. ఇదేం నోరు తల్లీ, దీనికో గుండీ కుడితే బాగుండు అనుకునేదాన్ని.

దిండుని మేం కొన్నది కారు డిక్కీలోంచి. పెట్రోలు బంకు పక్కన ఒకడు కారాపి, డిక్కీ తెరిచి, అట్టపెట్టెలో కుక్కపిల్లల్ని పోసి అమ్ముతున్నాడు. వీటి తల్లి ఏదని అడిగే తెలివి మాకు లేదు, చెప్పే ఉద్దేశం వాడికి లేదు. అత్తయ్య పెట్టెలో చెయ్యిపెట్టి, తాను గుడ్డ పట్టి చూసినట్టు ఒక్కోదాని చర్మం రెండు వేళ్ళతో లాగి చూసింది. అన్నిటికన్నా ఎక్కువ మడతలున్నదాన్ని పైకెత్తింది.

"పెరిగే పిల్ల. లోపల గుడ్డ వదలాలి," అంది. "దీనికి బాగా వదిలారు."

స్కూలు పిల్లల బట్టలు కుట్టేటప్పుడు మేం చేసేది అదే. కుట్టు లోపల కాస్త గుడ్డ మడిచి వదిలేస్తాం, పిల్ల ఒళ్ళు చేశాక విప్పి వదులు చేసుకోవచ్చు. గుడ్డ వదలని దర్జీ అంటే అత్తయ్యకి పరమ అసహ్యం. లోకంలో ఎవరైనా కుక్కని కళ్ళు చూసి కొంటారు, కాళ్ళు చూసి కొంటారు. కుట్టులో వదిలిన గుడ్డ చూసి కొన్న ఘనత మాదే.

దిండు పెరిగింది కానీ మడతలు విచ్చుకోలేదు. కూర్చుంటే గుర్రు, పడుకుంటే గుర్రు, తింటే గుర్రు. షాపులో నా మిషను శబ్దం కన్నా దాని శబ్దమే ఎక్కువ. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. మా ఆయనా దిండూ మధ్యాహ్నం పక్కపక్కన పడుకుని పోటీపడి గురక పెడుతుంటే, అత్తయ్యకి కన్నకొడుకు కన్నా కుక్కని చూస్తేనే ముచ్చటేసేది. ఎంత సుఖంగా నిద్రపోతోందో చూడవే అనేది. నాలుగడుగులు వేసి చతికిలపడితే బద్ధకం అని తిట్టేది. తిట్టినా పిలిచినా అది ఆవిడ దగ్గరికే పోయేది, దానికి రెండూ ఒకటే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అత్తయ్య పైనుంచి టీకి కేకేసింది. చేతిలో ఉన్న కాలరు అయ్యాక వెళ్దాంలే అని నేను కూర్చున్నాను. దిండు మాత్రం లేచింది. ఆవిడ పిలిచాక ఆగడం దానికి తెలియదు. మలుపు దగ్గరికి వెళ్ళి అక్కడ పడుకుంది. "లే, బద్ధకపు మొహమా, రా!" అని అత్తయ్య మళ్ళీ పిలిచింది. అది లేచి ఇంకో రెండు మెట్లెక్కింది. అప్పుడు దాని నాలుక నీలంగా వేలాడటం ఆవిడకి కనబడింది. మా ఆయన దాన్ని చేతుల మీద ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. చేరేసరికే పోయింది.

"ఊపిరాడలేదు," అంది డాక్టరమ్మ. "ఇవాళ కొత్తగా కాదు, పుట్టినప్పట్నుంచీ సరిగ్గా ఆడట్లేదు. మీరు గురక అనుకున్నది గురక కాదు."

అత్తయ్య ఏడవలేదు. కేక మానేసింది. వంట అయితే మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టే దిగి కిందకొచ్చి, "భోజనం" అని నెమ్మదిగా చెప్పి, మళ్ళీ ఒక్కో మెట్టే ఎక్కిపోయేది. ఆ మోకాళ్ళకి ఆ మెట్లంటే నరకం.

"ఎందుకత్తయ్యా ఈ అవస్థ? పైనుంచి పిలవొచ్చుగా," అన్నాను.

"పిలిస్తే వచ్చేస్తారు," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పూట నా కుట్లన్నీ వంకరపోయాయి. ఆవిడ పిలిచింది కాబట్టి అది వచ్చింది, వచ్చింది కాబట్టి చచ్చిపోయింది. ఇక ఎవరినీ ఆ మెట్ల మీదకి పిలవకూడదని ఆవిడ లోపల తీర్మానం చేసేసుకుంది. గుండీల కొట్టాయన రెండుసార్లు వచ్చి, "పెద్దావిడ కులాసానా? ఈమధ్య ఆకలి వేళ తెలియట్లేదు," అని అడిగి వెళ్ళాడు. అత్తయ్య ఒక ప్యాంటుకి రెండూ ఎడమ కాళ్ళే కత్తిరించింది. నా పెళ్ళయినప్పట్నుంచీ ఆ కత్తెర తప్పు పోవడం నేను చూడలేదు. అంతకన్నా నన్ను భయపెట్టింది, తప్పు జరిగిందని తెలిసి కూడా ఆవిడ నన్ను తిట్టకపోవడం.

ఇంకో కుక్క తప్ప దీనికి మందు లేదని నాకు అనిపించింది. "ఒకటి పోయి ఏడుస్తుంటే ఇంకోటా? పుండు మీద కారం కాదూ?" అన్నాడు మా ఆయన. ఆయన సలహాకి మా ఇంట్లో ఎప్పుడూ ఉన్న విలువే అప్పుడూ ఉంది. తన తెల్లకోటు చేతులు కురచ చేయించుకోడానికి డాక్టరమ్మ షాపుకి వచ్చినప్పుడు అడిగేశాను. మామూలు కుక్కైతే మా అత్తయ్య కన్నెత్తి చూడదు, ఆ చప్పిడి మొహమే కావాలి, కానీ ఊపిరాడాలి, ఉంటుందా అని.

డాక్టరమ్మ కోటు బల్ల మీద పెట్టింది. "ఒక్కాయన ఉన్నాడు. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్ని పరిగెత్తించిన అలవాటు పోక ఇప్పుడు కుక్కల్ని పరిగెత్తిస్తున్నాడు. ఆయన దగ్గర తీసుకోండి. కాకపోతే ఇచ్చేలోపు మిమ్మల్ని ఏడిపిస్తాడు."

ఫోను చేశాను. హలో లేదు, ఎవరూ అని లేదు. "మీ ఇంట్లో మెట్లున్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "ఎండాకాలం ఇల్లు ఎంత వేడెక్కుతుంది? పగలు ఇంట్లో ఎవరుంటారు? కుక్కకి ఎంగిలి ముద్దలు పెట్టే అలవాటు ఎవరికుంది?" అన్నాడు. మా ఆయనకి అని చెప్పేశాను, ఎలాగూ ఎవరో ఒకరి పేరు చెప్పాలి కదా. "కుక్కపిల్లల్ని ఇప్పుడే చూపించను. ముందు అందరూ రండి, మిమ్మల్ని చూడాలి," అని పెట్టేశాడు.

"నన్ను చూసేదేంటి వాడి మొహం," అంది అత్తయ్య. ఆ మాటలో పాత ఘాటు రవ్వంత వినబడింది. నేను అదే పదివేలనుకున్నాను. ఊరికే చూసొద్దాం, తీసుకోవద్దు అన్న షరతు మీద బయల్దేరింది. మా ఆయన పెద్దమనిషిలా కనబడాలని అంత ఎండలోనూ కోటు వేసుకున్నాడు.

డ్రిల్లు మాస్టారిది ఊరి చివర చిన్న ఇల్లు, పెద్ద పెరడు. పెరడంతా చదును చేసి, సున్నంతో గుండ్రంగా గీత గీశాడు, బడి మైదానంలో పరుగుపందేలకి గీసినట్టే. మెడలో ఒక ఈల, ఒక స్టెతస్కోపు. రెండూ కలిపి వేసుకున్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు. కూర్చోమనలేదు. ఈల ఊదాడు. ఇంట్లోంచి ఒక కుక్క వచ్చి ఆయన కాలి పక్కన నిలబడింది. గుండ్రటి తల, చప్పిడి మొహమే, కానీ మొహం మధ్యలో ఒక బుడిపె ముందుకు పొడుచుకొచ్చి ఉంది.

అత్తయ్య వంగి చూసి వెనక్కి జరిగింది. "ఇదేంటి? దీనికి ముక్కుంది!"

"ఉంటుందమ్మా. గాలి పీల్చుకోవాలి కదా," అన్నాడు మాస్టారు. "ఇది పిల్లల తల్లి. తల్లిని చూపించనివాడి దగ్గర ఎప్పుడూ పిల్లని తీసుకోకండి."

మేం ముగ్గురం నేల చూశాం.

మాస్టారు తల్లికుక్క గొంతు మీద స్టెతస్కోపు పెట్టి విన్నాడు. తర్వాత పట్టీ తీసి మా ఆయన చేతికిచ్చాడు. "మీరు దీన్ని మూడు నిమిషాలు పరుగులాంటి నడకతో తిప్పండి. నేను పక్కనుంచి చూస్తాను." ఈల పడింది. కుక్క హాయిగా బయల్దేరింది. మా ఆయన కోటు ఊపుకుంటూ వెనక పరిగెత్తాడు. మొదటి చుట్టుకి నవ్వాడు, రెండో చుట్టుకి నవ్వు ఆగింది, ఆ తర్వాత కుక్కే ఆయన్ని లాక్కొచ్చింది. తిరిగొచ్చేసరికి కుక్క నోరు మూసుకుని నిలబడి ఉంది. మా ఆయన నోరు తెరుచుకుని గోడ పట్టుకున్నాడు. మాస్టారు కుక్క గొంతు విన్నాడు. తర్వాత ఏమాత్రం మొహమాటం లేకుండా మా ఆయన ఛాతీ మీద కూడా పెట్టి విన్నాడు.

"ఊపిరికి సున్నా నుంచి మూడు దాకా మార్కులు. కుక్కకి సున్నా, అంటే ఏ తేడా లేదు. బడిలో సున్నా వస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి, ఇక్కడ సున్నా వస్తే నెత్తిన పెట్టుకుంటా," అన్నాడు. "రెండుకి పైన వస్తే ఆ జీవిని నేను జత కట్టించను. మీవారికి రెండు దాటిందమ్మా."

నేను నవ్వు ఆపుకోలేక చెట్టు చాటుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి మాస్టారు అసలు ప్రశ్న అడుగుతున్నాడు. "ఇదివరకు కుక్క ఉండేదా? ఏమైంది?"

"పెద్దదైపోయి..." అన్నాడు మా ఆయన, ఆయాసం మధ్యలో. "వయసైపోయి పోయిందండీ."

నిజం చెబితే ఈయన పిల్లనివ్వడని నాకూ తెలుసు. నేనూ ఊరుకున్నాను. అత్తయ్య కొడుకు వైపు ఒక్క చూపు చూసింది.

"వయసూ లేదు, గాడిదగుడ్డూ లేదు. మూడేళ్ళు నిండలేదు," అంది. "ఎండపూట మెట్ల మీంచి నేను పిలిచాను. అది వచ్చింది. మధ్యలో పడుకుంటే లే అని మళ్ళీ పిలిచాను. మళ్ళీ వచ్చింది. నేను పిలిచి చంపుకున్నాను."

ఆ మాట ఆవిడ నోటంట రావడం అదే మొదటిసారి. మాస్టారు కింద కూర్చుని, తల్లికుక్క మూతి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా, పొడుగు మూతి కుక్కకి లోపల అంగిలీ నాలుకా అన్నీ ఆ మూతికి సరిపడా ఉంటాయి. మొహం ముద్దుగా ఉండాలని మనుషులు తరతరాలుగా పొట్టి మూతుల్నే ఏరి జత కట్టించారు. ఎముక కురచైపోయింది. లోపల సరుకు మాత్రం అంత తగ్గలేదు. అదంతా వెనక్కి జరిగి గొంతుకి అడ్డం పడుతుంది. పైనుంచి బెజ్జాలు కూడా సన్నం. మీ కుక్కని చంపింది మీ పిలుపు కాదు. దాన్ని అలా పుట్టించినవాళ్ళు."

అత్తయ్య విన్నట్టు లేదు. కొడుకు కోటు చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది. అంచు తిప్పి లోపలి గుడ్డ చూసింది.

"ఏమే," అంది నాతో. "కోటు చెయ్యి కురచ చేసి, లోపల లైనింగు కత్తిరించకుండా వదిలేస్తే ఏమవుతుంది?"

"కిందకి వేలాడుతుంది అత్తయ్యా."

"వేలాడకుండా అంచు మూసి కుట్టేస్తే?"

"లోపల ముద్దకడుతుంది. చెయ్యి దూరదు."

"చెయ్యి దూరదు," అంది. కోటు వదిలేసింది. "మడతలు చూసి, బాగా వదిలారని ఎత్తుకున్నాను. పైన అంత వదిలినవాళ్ళు లోపల కూడా అంతే వదిలి ఉంటారుగా. దానికి గాలి దూరలేదు. చేత్తో పట్టి చూసి మరీ, అన్నిట్లోకీ చెడగొట్టిన కుట్టు తెచ్చుకున్నాను."

అప్పుడు ఏడ్చింది. పరాయివాళ్ళ పెరట్లో, సున్నం గీత మీద నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తల్లికుక్క వచ్చి ఆవిడ చెప్పు వాసన చూసింది. ఆవిడ దాన్ని తన్నలేదు, ముట్టుకోనూ లేదు. మా ఆయన కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు.

వెళ్ళేటప్పుడు మాస్టారు నాతో అన్నాడు. "మీ ఆయన అబద్ధం చెప్పాడు, మీరు ఊరుకున్నారు. ఆవిడ ఒక్కతే నిజం చెప్పింది. పిల్లని ఆవిడకే ఇస్తాను. టీకాలు పడి, తల్లిపాలు పూర్తిగా మానాక రండి. లైనింగు మాట నాక్కావాలి, ఇక నుంచి అందరికీ అలాగే చెబుతా."

ఆ వారాలన్నీ అత్తయ్య కుక్క మాట ఎత్తలేదు. కానీ వెళ్ళే రోజు పొద్దున్నే సంచిలో టేపు, తెల్లదారం వేసుకుని నాకన్నా ముందే తయారై కూర్చుంది.

పిల్లలు మూడు. కడిగిన నేల మీద పాత దుప్పటి, దాని మీద తల్లి, తల్లి చుట్టూ అవి. మాస్టారు మమ్మల్ని గుమ్మంలోనే ఆపాడు. "తొందరపడకండి. అవి పడుకున్నప్పుడు వినండి, ఆడుతున్నప్పుడు వినండి, తింటున్నప్పుడు వినండి. బెజ్జాలు తెరుచుకుని ఉండాలి, గీతల్లా ఉండకూడదు. నేనిప్పుడు చెప్పేది కూడా సగమే. ఏడాది నిండాక దీన్ని కూడా పరిగెత్తించి చూస్తేనే పూర్తిగా తెలుస్తుంది. తేడా వస్తే ఎప్పుడైనా నా దగ్గరికి తెచ్చేయండి, నేనే ఉంచుకుంటా."

అత్తయ్య విన్నది విన్నట్టే ఉంది కానీ చూపు ఎప్పుడో ఒకదాని మీద పడింది. మూలన పడుకుని ఉంది. మొహమంతా మడతలు, కళ్ళ మధ్య సొట్ట, సన్నగా గుర్రు. అచ్చం దిండు. దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అది ఆవిడ మోచేతి మడతలో తల దూర్చి ఇంకా గట్టిగా గుర్రుపెట్టింది. నాకు కూడా ప్రాణం దాని మీదికే లాగింది. అంత తెలిశాక కూడా, అది కావాలనే అనిపించింది.

"అది ఎవరికీ ఇవ్వట్లేదమ్మా," అన్నాడు మాస్టారు. "అన్నీ మంచివే పుట్టవు, తల్లిదండ్రులిద్దరూ సున్నాలైనా సరే. దానికి బెజ్జాలు కోసి వెడల్పు చేయించాలి. నాతోనే ఉంటుంది."

"నేను చేయిస్తాను. నేను చూసుకుంటాను," అంది అత్తయ్య. "నాకివ్వండి."

"మీ ఇంట్లో మెట్లున్నాయి కదమ్మా."

అత్తయ్య సంచిలోంచి దారం తీసి వేలంత తెంపింది. ఒళ్ళో ఉన్న పిల్ల ముక్కు ముందు పట్టుకుంది. కుడి బెజ్జం దగ్గర దారం కాస్త ఊగింది. ఎడమవైపు పట్టుకుంది. దారం ఊగలేదు. కదలకుండా చాలాసేపు పట్టుకునే కూర్చుంది.

"మెట్ల మలుపు దాకా కూడా ఎక్కలేకపోతుందిది," అంది చివరికి. దాన్ని తీసుకెళ్ళి తల్లి పక్కన పడుకోబెట్టి, మీద దుప్పటి సర్దింది.

రెండోదాని దగ్గర దారం రెండువైపులా ఊగింది. మూడోదాని దగ్గర ఏమైందో తెలియలేదు, అది దారం తినేసింది. ఇంకోటి తెంపి పట్టుకుంటే రెండువైపులా ఎగిరింది, వెంటనే అది కూడా తినబోయింది. మాస్టారు వేలుపెట్టి నోట్లోంచి దారాలు లాగుతుంటే, ఈలోగా సంచి మీద పడి టేపు చివర ఇనుప ముక్కతో సహా కొరికి పట్టుకుంది. లాగితే లాగింది. గదంతా తిరిగింది. తిరిగొచ్చి నోరు మూసుకుని, ముక్కుతోనే ఊపిరి పీలుస్తూ, అత్తయ్య మొహంలోకి నిర్లక్ష్యంగా చూసింది.

"దీని మొహం చూడు," అంది అత్తయ్య. "అచ్చం కుక్కలా ఉంది."

"కుక్కేనమ్మా," అన్నాడు మాస్టారు.

"శబ్దం కూడా లేదు దొంగముండకి."

ఆ తిట్టు వినగానే ఇది మా ఇంటికి వస్తోందని నాకు తెలిసిపోయింది. పేరు పెట్టే శ్రమ కూడా మిగల్లేదు. టేపు అయింది.

మెడకి బెల్టు కడితే గొంతు నొక్కుతుంది, ఛాతీకి పట్టీ వెయ్యండని మాస్టారు చెప్పాడు. కొన్నది వెయ్యడం అత్తయ్యకి నామోషీ. బల్ల మీద టేపుని నిలబెట్టి, కొరికిన టేపుతోనే కొలతలు తీసి, మందపాటి గుడ్డ మీద సుద్దతో గీసి కత్తిరించింది. కత్తెర ఎక్కడా తడబడలేదు. కుట్టడానికి నాకిచ్చేటప్పుడు రెండు పక్కలా అంచు మడిచి చూపించింది. "లోపల గుడ్డ వదులు. పెరిగే పిల్ల," అంది. ఆ మాట నోరు జారి వచ్చినట్టుంది, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. వదలాల్సిన చోటే వదిలి కుట్టాను.

తిట్లు తిరిగొచ్చాయి. కత్తెర తిరిగొచ్చింది. కేక మాత్రం రాలేదు. టేపుని మెట్లెక్కనివ్వకూడదని శాసనం. కాబట్టి దాన్ని మోసే ఉద్యోగం నాకొచ్చింది. అది పెరుగుతున్న కొద్దీ నా నడుం విరుగుతోంది, అయినా అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని దిగి వచ్చి, "భోజనం. దాన్ని ఎత్తుకుని రా," అని చెప్పి ఎక్కిపోయేది. మొదట్లో టేపు నిద్రపోతే శబ్దం లేదని భయపడి ఆవిడే దారం పట్టి చూసేది. నిద్ర చెడిన టేపు ఆ దారం తినేది. ఒకసారి అదే దారం గురక పెడుతున్న కొడుకు ముక్కు దగ్గర కూడా పట్టింది. "వీడికీ లైనింగు పొడుగే," అని డాక్టరు దగ్గరికి తరిమింది. ఆ డాక్టరు కూడా అలాంటిదే ఏదో చెప్పి ఒళ్ళు తగ్గించమన్నాడట. ఇప్పుడు టేపుని తిప్పే నెపంతో ఆయన కూడా పొద్దున్నే నడుస్తున్నాడు.

ఏడాది నిండాక మాస్టారి పెరట్లో టేపు మూడు నిమిషాలు పరిగెత్తింది. దిండులాంటి ఆ పిల్ల కూడా కనబడింది, బెజ్జాలు విప్పించుకుని, బొద్దుగా, నీడలో కూర్చుని చూస్తోంది. మాస్టారు టేపు గొంతు విని, మళ్ళీ విని, వేళ్ళతో సున్నా చుట్టి చూపించాడు. "ఇక మెట్లెక్కనివ్వండి అమ్మా. ఎండపూట తప్ప, ఏం కాదు."

సరే అంది అత్తయ్య. ఇంటికొచ్చాక నాతో మోయించింది. మర్నాడూ మోయించింది. ఆ తర్వాత కూడా.

ఒకరోజు సాయంత్రం టీ వేళ, నేను మిషను ముందున్నాను. టేపు మెట్ల మొదట్లో కూర్చుని పైకి చూస్తోంది. పైన అడుగుల చప్పుడైంది. అత్తయ్య దిగుతుందనుకున్నాను. దిగలేదు. మెట్ల పైన నిలబడింది.

"బయట ఎండగా ఉందా?" అంది నెమ్మదిగా.

"లేదత్తయ్యా. మబ్బేసింది. గాలి కూడా ఉంది."

నేను మిషను ఆపేశాను. ఇస్త్రీ బల్ల దగ్గర మా ఆయన కూడా పెట్టె పక్కన పెట్టేశాడు.

"రావే," అంది. ఎంత సన్నగా అందంటే టేపుకి వినబడలేదు. తోక మాత్రం ఊపింది.

గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత, వీధి మొత్తానికీ చెవిన పడేలా, "రావే దొంగముండా, పైకి!"

టేపు ఎగిరింది. మలుపు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. నా గుండె కూడా అక్కడే ఆగింది. అది మూలనున్న దారప్పోగు ఒకటి వాసన చూసి, నోట కరుచుకుని, మిగిలిన మెట్లు కూడా ఎక్కేసింది. అత్తయ్య ఆ మోకాళ్ళతోనే కింద కూలబడి దాని ఛాతీకి చెవి ఆనించడం నేను కిందనుంచి చూశాను. ఎంతసేపు విన్నదో. అది నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి పీలుస్తూ, ఆవిడ జుట్టులోంచి ఒక పిన్ను లాగుతోంది.

ఎదురు కొట్లోంచి గుండీలాయన బయటికొచ్చి తల పైకెత్తి చూశాడు. "అమ్మయ్య," అన్నాడు.

"ఇంకా అక్కడే కూర్చున్నావేంటే?" అని పైనుంచి పడింది రెండో కేక, ఈసారి నా మీద. "కుక్క వచ్చింది, నువ్వు రాలేవా? నీకు బొట్టు పెట్టి పిలవాలా?"

"వస్తున్నా అత్తయ్యా," అన్నాను. కొంగుతో మొహం తుడుచుకుని, ఆవిడ ఇంకోసారి అరుస్తుందేమోనని కాస్త ఆగి, ఎక్కాను.